పడుకునే చెట్టు

సోలన్,
11-2-1979

వదినకు పంకజాక్షి నమస్కారాలు. ఈ మంచులో మేమిద్దరం ఎలా ఉండాలో అలా ఉన్నాం. అన్న, నువ్వు, పిల్లలు కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను.

ఈ ఉత్తరం తెచ్చిన మునిరామయ్యది మన నగరి పక్క. ఇక్కడి మిలిటరీలో పనిచేస్తాడు. సెలవు మీద ఊరికి వస్తూ, పుత్తూరులో దిగి మీ ఇంటికి వచ్చి పోతానన్నాడు. అతని చేతికి తడి గోనెగుడ్డలో చుట్టి కొన్ని మొక్కలిచ్చాను. విప్పగానే ఎండుపుల్లలనుకుంటావు. పొయ్యిలో పెట్టకు. ఇక్కడ చలికాలం కాబట్టి ఆకు రాల్చి ఉన్నాయి, అంతే. వేరు బతికే ఉంది.

ఇది మోకాలెత్తు కూడా పెరగదు. కొమ్మలన్నీ నేలకు ఆనుకుని చాప పరిచినట్టు పాకుతాయి. ఎక్కడ కొమ్మ మట్టిని తాకితే అక్కడ వేరు పోస్తుంది. గోటి మందాన ఆకు. ఎండాకాలమంతా పచ్చగా ఉండి, కార్తీకం వచ్చేసరికి ఆకు మొత్తం ఎర్రబడి, తర్వాత రాలిపోతుంది. చిన్న చిన్న ఎర్రటి కాయలు మాత్రం ఉంటాయి. మళ్ళీ చలి తగ్గగానే చిగురు. మా కిటికీకి ఎదురుగా ఉన్న కొండ వాలు నిండా ఇదే. ఇక్కడివాళ్ళు దీనికేదో పేరు చెబుతారు, నా నోరు తిరగదు. ఆయన ఆఫీసు తోటమాలిని అడిగి వేళ్ళతో తవ్వించాను. మట్టిలో సగం ఇసుక కలుపు. పేడ వేయకు. నీళ్ళు నిలవకూడదు.

ఎక్కడ నాటాలో నేను రాయనక్కరలేదు. నీకు తెలుసు, అన్నకూ తెలుసు. అంతకంటే రాయలేను వదినా.

కుళాయి నీళ్ళు గడ్డకట్టి మూడు పూటలయింది. ఆయన ఆఫీసుకు పోతే పొద్దు గడవదు. పని ఉన్నా లేకపోయినా ఈ చలికి ఒళ్ళు అలసిపోతుంది.

నీ
పంకజ

*

మిట్టకండ్రిగ,
9-3-1979

చి.సౌ. పంకజకు వదిన వసంతమ్మ దీవెనలు. మీ ఆయన ధనంజయ అన్నను అడిగానని చెప్పు.

నీ మిలిటరీ ఆయన వచ్చాడు. చెంబెడు మజ్జిగ తాగి, నీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి పోయాడు. నువ్వు రాయకపోయి ఉంటే ఆ పుల్లలు నిజంగా పొయ్యిలోకే పోయేవి. మీ అన్న మూట విప్పి చూసి, “ఏమే, మా చెల్లెలు అంత దూరం నుంచి కట్టెలు అంపించిందే, ఈడ కంపకు కరువొచ్చిందా” అన్నాడు. నీ ఉత్తరం చదివి వినిపించాను. “అన్నకూ తెలుసు” అన్న చోట లేచి ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయాడు. అప్పుడే పెట్టి వచ్చిన నీళ్ళు మళ్ళీ ఎందుకో. ఆయనతో కాపురం చేయడమంటే గోడతో మాట్లాడటమే.

నువ్వు మనసులో అనుకున్న చోటే నాటాను. అది కూడా తెలియకపోతే నేనేం వదినను? గునపం పట్టి నేనే గుంత తీశాను, ఏటి ఇసుక పోశాను. బతకాలని నా ప్రయత్నం నేను చేస్తున్నాను, తర్వాత దాని అదృష్టం.

ఈ ఏడాది చెరకు పోయింది. వేరుశనగ మీదే ఆశ. ఉన్న కాస్త చేనులో కూడా కానుగ చెట్టు పక్క మూలను మీ అన్న దున్నడు. ప్రతి ఏడూ అదే గొడవ. అడిగితే, “ఆడ రాయి ఉండాది, నాగలి ఇరుగుతాది” అంటాడు. సంగటి తీసుకుపోయేది నేనే కదా, నాకు కనపడని రాయి ఈయనకు ఎక్కడ కనపడిందో. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆ మూలలో పిచ్చి గడ్డి మొలిచి చూసేవాళ్ళు నవ్వుతున్నారు.

నాకూ ఒళ్ళు అలసటగానే ఉంది. చలికి కాదు, చాకిరికి.

మీ వదిన
వసంతమ్మ

*

సోలన్,
6-5-1979

వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. కంగారు పడకు, మనసు తేలికపడే ఏడుపే. నేను నోరు విప్పి చెప్పకుండానే తెలుసుకున్నావు. ఆడదానివై ఉండి నువ్వే వెళ్ళి, నీ చేత్తో గుంత తీసి నాటావు. మా అమ్మ ఉన్నా అంత చేసేది కాదేమో.

కొన్ని సంగతులు అడుగుతాను, విసుక్కోకుండా రాయి. అక్కడ మధ్యాహ్నం నీడ ఉందా? మేకలు రాకుండా ముళ్ళకంప వేశారా? ఎండలు ముదిరాక రెండు రోజులకొకసారి ఒక చెంబు నీళ్ళు పోయగలవా? దూరమైతే వద్దులే, ఇంటెడు చాకిరిలో నిన్ను అంత దూరం నడవమనడం న్యాయం కాదు. అన్నను అడుగు. అడిగినట్టు కాకుండా అడుగు.

చిగురు వేసిందా?

ఇక్కడ వాలంతా పచ్చబడింది. పొద్దున్నే కిటికీ తీసి చూస్తాను. అక్కడ కూడా ఇలాగే పచ్చగా ఉంటుందనుకుంటే ఆ రోజుకు కాస్త అన్నం సయిస్తుంది. పక్కింటివాళ్ళు పలకరిస్తారు కానీ ఆ భాషలో నా కష్టసుఖం చెప్పుకోలేను. ఆయన మంచివాడే. ఆయనతో కూడా చెప్పుకోలేను.

నీ
పంకజ

*

మిట్టకండ్రిగ,
2-7-1979

చి.సౌ. పంకజకు దీవెనలు.

నీ చెట్టు చిగురు వేసింది. చిత్తూరు జిల్లా ఎండకు నేనే వాడిపోయాను, అది నిలబడింది. నిలబడింది అనడం తప్పులే, అది పడుకునే ఉంటుంది కదా. మీ అన్న దాన్ని పడుకునే చెట్టు అని పిలుస్తున్నాడు.

దూరమేమిటి పంకజా? తలుపు తీస్తే కాళ్ళకు అడ్డం వచ్చేది అదే. స్నానాల నీళ్ళన్నీ దాని మొదట్లోకే పోయేలా కాలువ తీశాను. ముళ్ళకంప వేస్తే వచ్చిపోయేవాళ్ళ కాళ్ళకు గుచ్చుకోదూ? వీధిలో పోయేవాళ్ళంతా ఆగి, ఎక్కడిదమ్మా ఈ చెట్టు అంటారు. మా ఆడబిడ్డ మంచు కొండల నుంచి పంపిందని చెబుతాను. ఎదురింటి తాయమ్మ ఒక కొమ్మ అడిగింది. ఇవ్వలేదు. మా నల్లకోడి దాని కింద చల్లగా ఉందని అక్కడే గుడ్లు పెడుతోంది. పేడ వద్దన్నావు కానీ, మన ఊరి మట్టిలో పేడ లేనిదే ఏది పెరిగింది? కొంచెం వేశాను.

ఇంకొక మాట. ఏడ్చానని రాశావు, అన్నం సయించడం లేదన్నావు. వదినను కదా, అడగకుండా ఉండలేను. ఏమైనా విశేషమా? దేవుడి దయవల్ల అదే అయితే ఇంతకంటే ఏం కావాలి. కాణిపాకం వినాయకుడికి ముడుపు కట్టాను. నీ చెట్టుకు పసుపు దారం కూడా చుట్టాను. ఎర్రటి కాయలు కాస్తుందన్నావే, అది మంచి శకునమే. ఈసారి నెలలు నిండకముందే వచ్చేయి. నేనున్నాను.

మీ అన్నను అడగమన్నావు, ఏం అడగాలో రాయలేదు. “పంకజ నిన్నేదో అడగమన్నది” అన్నాను. “రాసిందా ఏమని” అన్నాడు. రాయలేదన్నాను. “రాయనిది నేను యాడ చెప్పేది” అని కండువా వేసుకుని పోయాడు.

మీ వదిన
వసంతమ్మ

*

సోలన్,
30-8-1979

వదినకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. చెట్టు నీ కోళ్ళకు పనికొస్తున్నందుకు సంతోషం. వీధిలోవాళ్ళు మెచ్చుకుంటున్నందుకు ఇంకా సంతోషం. తాయమ్మకు కొమ్మ ఇచ్చేయి. ఎవరడిగినా ఇవ్వు.

విశేషాలేమీ లేవు. ఇక ఉండవని ఇక్కడి డాక్టరమ్మ చెప్పింది. ముడుపు విప్పేయి, దారం తెంచేయి.

ఆ చెట్టు సంగతి ఇక రాయనక్కరలేదు.

పంకజాక్షి

*

మిట్టకండ్రిగ,
24-9-1979

చి.సౌ. పంకజాక్షికి వసంతమ్మ దీవెనలు.

నువ్వు పూర్తి పేరుతో సంతకం చేశావు కాబట్టి నేనూ పూర్తి పేరుతోనే పిలుస్తున్నాను.

నేనేం తప్పు చేశానో నాకు తెలియడం లేదు. పుల్లలు పంపావు, నాటాను. బతకాలన్నావు, బతికించాను. మే నెలలో ఊరి బావులు అడుగంటితే నా కోడలికి కూడా పోయనన్ని నీళ్ళు దానికి పోశాను. నాకింకా కోడలు రాలేదనుకో, వచ్చినా పోయను. డాక్టరమ్మ మాట చదివి ఆ రోజంతా పొయ్యి ముందు కూర్చుండిపోయాను. నీ ముందర ఆ మాట అడిగి ఉండకూడదు. అందుకు నన్ను తిట్టు, పడతాను. కానీ చెట్టు ఏం చేసింది? తలుపు దగ్గర నాటడం తప్పా? ఆడబిడ్డ అంత దూరం నుంచి పంపిన వస్తువును వీధి తలుపు దగ్గర కాక పెరట్లో పెడితే, అప్పుడు అలగాలి నువ్వు.

పంకజా, నేను అలసిపోయాను. గోరుచుట్టు మీద రోకటి పోటులాగా మీ అన్న పోయిన వారం బండి మీద నుంచి జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరు తీసుకుపోయాం. పసరు, గుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. మళ్ళీ మళ్ళీ పోయి కట్టు మార్పించుకోవాలి. అన్నం కలిపి పెట్టడం దగ్గరనుంచి పంచె కట్టడం దాకా నేనే. ఆయనకు కోపం, నాకు కోపం. భయపడాల్సిందేమీ లేదులే, ఎముక కూడుకుంటుందన్నారు.

ఇందులో ఒక్కటే మంచి జరిగింది. చేతిలో నాగలి లేదు కాబట్టి ఆయన మాట చెల్లదు. ఈ ఏడు సేద్యం నా పెత్తనం. వేరుశనగ పీకిన తర్వాత ఉలవలు చల్లడానికి కూలికి వెంకటమునిని పిలిపించాను. ఆ కానుగ చెట్టు మూల కూడా ఈసారి దున్నేయమని చెప్పాను. రాయి ఉంటే గునపంతో పెకలించమన్నాను. ఆ పిచ్చి గడ్డి చూడలేక చస్తున్నాను.

నువ్వు రాయవద్దన్నావు కానీ రాస్తున్నాను. నీ చెట్టు తలుపు దగ్గర రెండు మూరల మేర పాకింది. ఎర్రబడే సూచన మాత్రం లేదు.

వసంతమ్మ

*

సోలన్,
18-10-1979

వదినకు పంకజ నమస్కారాలు.

అన్న చెయ్యి సంగతి చదివి నా అలుక నాకే సిగ్గనిపించింది. కట్టు విప్పేదాకా బరువు ఎత్తనివ్వకు. వింటాడో లేదో.

నీది తప్పేమీ లేదు వదినా. నేను చెప్పకుండా నీకు తెలియాలనుకున్నాను. చెప్పకూడని మాట కాబట్టి చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వేసేయి.

నాలుగేళ్ళ కిందట ఇదే కార్తీకంలో, నీ చేతుల మీదనే కదా నా బిడ్డ పుట్టింది. పురిటి స్నానం కాకముందే పోయింది. పేరు కూడా పెట్టలేదు. నీకు గుర్తుందో లేదో, చుట్టడానికి పాత గుడ్డ అడిగితే నేను నా ఎర్ర చీర చించి ఇచ్చాను. మంచి చీర ఎందుకే అన్నావు. నా దగ్గర ఆ బిడ్డకు ఇవ్వడానికి ఇంకేమీ లేదు. అన్న చేతుల్లో ఆ ఎర్ర గుడ్డ మూట గుమ్మం దాటింది. అంతవరకే చూశాను. ఆడవాళ్ళు వెనక రాకూడదన్నారు. ఎక్కడ పెట్టారని తల్లి అడగకూడదు, ఎవరూ చెప్పకూడదు, గుర్తు పెట్టుకుంటే మళ్ళీ కడుపు పండదన్నారు. అడగలేదు. గుర్తు పెట్టుకోలేదు. కడుపు పండిందీ లేదు.

రెండేళ్ళ కిందట వచ్చినప్పుడు అడగాలని నోటిదాకా వచ్చింది. అన్న ముఖం చూసి ఊరుకున్నాను. అన్న నీకు చెప్పే ఉంటాడనీ, మీ ఇద్దరికీ ఆ చోటు తెలుసనీ అనుకున్నాను. అందుకే నీకు తెలుసు అని రాశాను.

ఈ ఊరు వచ్చిన మొదటి కార్తీకంలో ఒక పొద్దున కిటికీ తీస్తే ఎదురుగా వాలంతా ఎర్రగా ఉంది. నేలను కప్పుకుని. అప్పటినుంచి నాకు అదే ధ్యాస. నా బిడ్డ మీద ఉన్న గుడ్డ ఈపాటికి చివికిపోయి ఉంటుంది. పైన ఇది ఒకటి పరుచుకుంటే, ఏడాదికొకసారి అయినా ఎర్రటి గుడ్డ కప్పినట్టుంటుంది. ఇంకేమీ లేదు. తలుపు దగ్గర కోళ్ళు పడుకున్నాయని చదివితే, నా బిడ్డ మీది గుడ్డ లాగేసినట్టయింది.

అన్నను ఒక్కసారి అడుగు. చెప్పకపోతే వదిలేయి. నాకు కూడా ఇక ఓపిక లేదు.

నీ
పంకజ

*

మిట్టకండ్రిగ,
5-11-1979

నా తల్లి పంకజకు వదిన వసంతమ్మ రాస్తున్నది. కూర్చుని చదువు.

నీ ఉత్తరం సాయంత్రం టపాలో వచ్చింది. చదివి, చదివి, మీ అన్నకు అన్నం పెట్టాను. ముద్ద నోటికి అందిస్తూ, “పంకజ బిడ్డను యాడ పెట్టినావు” అని అడిగాను. కంచం ముందు నుంచి లేచిపోయాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన కంచం ముందు నుంచి లేవడం నేను చూడలేదు. “అది చెప్పే మాట గాదు, అడిగే మాట గాదు” అన్నాడు. అంతే. ఆ పూటకు ఇద్దరం పస్తే. నేను వెంకటమునికి ఏం పురమాయించానో ఆ బాధలో నాకు జ్ఞాపకమే లేదు.

తెల్లారి నేను పాలు పితుకుతుంటే వెంకటముని ఎద్దులు తోలుకుని చేనికి పోయాడు. మీ అన్న వాకిట్లో కూర్చుని ఉన్నాడు. “ఏ పక్కనుంచి మొదలు పెడతావురా” అని అడిగాడట. “కానుగ చెట్టు మూల నుంచే అప్పా, అమ్మ చెప్పింది” అని వాడు పోతూ పోతూ అన్నాడు. మీ అన్న లేచి, కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని పరిగెత్తడం నేను చూశాను. ఆ వయసులో, ఆ చేత్తో. మతి పోయిందేమోనని పాలచెంబు వదిలేసి వెనకాల పరిగెత్తాను.

నేను పోయేసరికి ఆ పిచ్చి గడ్డిలో కూర్చుని ఉన్నాడు. ఎద్దుల కాళ్ళ ముందర. వెంకటముని నాగలి పట్టుకుని నిలబడి, “రాయి ఉంటే నాగలి ఎత్తి పోనిస్తాలే అప్పా, లెయ్యి” అని బతిమాలుతున్నాడు.

“రాయి లేదురా. మా పంకజ బిడ్డ ఉండాది” అన్నాడు మీ అన్న.

వెంకటముని నాగలి వదిలేశాడు. ఎద్దులను విప్పి, చెట్టు అవతలికి తోలుకుపోయాడు. నేను అక్కడే కూలబడ్డాను. దున్నేయమని చెప్పిన నోరు నాదే కదా పంకజా. గునపంతో పెకలించమన్నాను కదా. ప్రతి ఏడూ ఆయన్ను నలుగురిలో ఎగతాళి చేశాను. ఆయన రాయి ఉందనే అన్నాడు. గుర్తు పెట్టుకోకూడదని ఊరికి చెప్పిన మనిషి, తాను మాత్రం ఒక్క సాలు కూడా ఆ పక్కకు పోనివ్వలేదు. నాలుగేళ్ళు ఆ మాట ఒక్కడే మోశాడు. ఆయన మీద ఉన్న కోపమంతా ఏమయిందో, ఇప్పుడు వెతికినా దొరకడం లేదు.

నీ ఉత్తరం అక్కడే చదివి వినిపించాను. ఎర్ర గుడ్డ దగ్గర ఆయన ముఖం తిప్పుకున్నాడు. చెట్టు ఇక్కడికి తెచ్చి పెడదామా అన్నాను. చోటుకు గుర్తు పెట్టకూడదు, మొక్క నాటితే అదే గుర్తవుతుంది అన్నాడు. మా అత్త చెప్పిపోయిన మాట అట. చాలాసేపు గడ్డి పీకుతూ కూర్చున్నాడు. తర్వాత తనే అన్నాడు, “నిలబడే చెట్టయితే గుర్తు. అది పడుకునేదే కదా. తెచ్చి పెట్టు” అని.

ఆ సాయంత్రమే తలుపు దగ్గర గడ్డపలుగుతో చుట్టూ తవ్వి, మట్టి చెదరకుండా తట్టలోకి ఎత్తాను. కోడి లబోదిబోమన్నది. కొమ్మలు నువ్వు రాసినట్టే వేళ్ళు పోసి ఉన్నాయి, ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. తాయమ్మ, ఇంత చక్కగా ఉన్నదాన్ని ఎందుకమ్మా పీకుతావు అంటే, దాని చోటుకు అది పోతున్నదని చెప్పాను. మీ అన్న ఎడమచేత్తో నీళ్ళ బిందె భుజాన పెట్టుకుని వచ్చాడు. వద్దంటే వినలేదు. ఇసుక కలిపాం. ఈసారి పేడ వేయలేదు. ముళ్ళకంప వేశాం. కానుగ నీడ ఉంది. వేసవి గట్టెక్కుతుందో లేదో చెప్పలేను, రోజూ పొద్దున నేను సంగటితో పాటు చెంబెడు నీళ్ళు కూడా తీసుకుపోతున్నాను. ఆడవాళ్ళు పోకూడదన్నారు కదా. పోయి వస్తూనే ఉన్నాను.

ఒక్కటి మాత్రం నీకు అబద్ధం రాయలేను. ఎర్రబడలేదు. కార్తీకం సగమయింది, అది పచ్చగానే ఉంది. పీకి నాటినందుకు నాలుగు ఆకులు రాలాయి, అవి కూడా పసుపే. మన ఊరి చలి దానికి చాలదేమో. ఎప్పటికీ ఎర్రబడదేమో కూడా.

కాబట్టి నేను ఒకటి ఆలోచించాను. నీ కిటికీ ఎదుట ఇప్పుడు వాలంతా ఎర్రగానే ఉంటుంది. ఆకు రాలే రోజుల్లో పోయి ఏరుకో. ఎంత దొరికితే అంత. ఎండబెట్టి మూట కట్టిపెట్టు. ధనంజయ అన్నకు లీవు ఎప్పుడిస్తే అప్పుడు తీసుకురా. ఇక్కడ ఎర్రబడనిది అక్కడినుంచి తెచ్చి మనమే కప్పుదాం.

ఇది రాస్తున్నప్పుడు మీ అన్న పక్కనే ఉన్నాడు. ఇంకేమైనా రాయాలా అని అడిగాను. ఏమీ లేదన్నట్టు తల ఊపాడు. కవరు అంటించబోతే అప్పుడు అన్నాడు.

“దాన్ని రమ్మను. నేనే తోడుకోని పొయ్యి చూపిస్తా.”

నీ వదిన
వసంతమ్మ